ప్రెసిడెంటమ్మ వేలు

గువ్వలకుంటలో ప్రెసిడెంటు గారంటే శ్రీకాంత్. ఎన్నికల్లో గెలిచింది మాత్రం అతని భార్య ప్రశాంతి. సీటు ఆడవాళ్ళకు రిజర్వ్ అయింది కాబట్టి, ఆ ఇంట్లో చక్కగా సంతకం పెట్టగలిగే ఆడమనిషి ఆమె ఒక్కతే కాబట్టి నిలబెట్టారు. గెలిచిన రోజు దండలన్నీ అతని మెడలో పడ్డాయి. ఫోటో తీసేవాడు గుర్తు చేస్తే ఆమె మెడలోనూ ఒకటి వేశారు. నాలుగున్నరేళ్ళుగా ఊరంతా అతన్ని ప్రెసిడెంటు గారనీ, ఆమెను ప్రెసిడెంటు గారి భార్య అనీ పిలుస్తుంటే అందులో వింతేమీ ఎవరికీ కనిపించలేదు. మేకలు కాచుకునే అంకమ్మ ఒక్కతే ఆమెను "ప్రెసిడెంటమ్మా" అనేది. ముసల్దానికి లోకం తెలియదని నవ్వుకునేవాళ్ళు.

పంచాయతీ పనులు ప్రశాంతిని వెతుక్కుంటూ వంటింట్లోకే వచ్చేవి. ఆమె పొయ్యి దగ్గర ఉంటే శ్రీకాంత్ వేలిముద్ర మిషను పట్టుకుని గడప దగ్గర నిలబడి "వేలు పెట్టు" అనేవాడు. ఆమె కుడి బొటనవేలు కొంగుకు తుడుచుకుని దాని మీద పెట్టేది. పచ్చ లైటు వెలిగేది. అతను వెళ్ళిపోయేవాడు. మొదట్లో ఒకటి రెండుసార్లు దేనికని అడిగింది. "నీకెందుకే అయ్యన్నీ, చారు పొంగుద్ది చూసుకో" అన్నాడు. డిజిటల్ సంతకం చేసే పరికరం, పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది, అతని బండి తాళాల గుత్తికి వేలాడుతుండేది. ఆమె దాన్ని చేత్తో పట్టుకుని చూసిందే లేదు.

ఆ బొటనవేలంటే ప్రశాంతికి క్రమంగా ఒక రకమైన అసహ్యం పుట్టింది. తన ఒంటికి అంటుకుని ఉన్న పరాయి వస్తువులా అనిపించేది. దానికేమో ఏనాడూ గురి తప్పేది కాదు. రేషన్ దగ్గర అంకమ్మ వేలు ఎనిమిదిసార్లు పెట్టినా పడేది కాదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో ఇరవై ఏళ్ళు చేసొచ్చిన చేతులవి. సున్నం గీతలన్నీ తినేసి వేళ్ళను గులకరాళ్ళలా నున్నగా చేసి వదిలింది. ఒకసారి ప్రశాంతి దగ్గరుండి నూనె రాయించి, తడి గుడ్డతో తుడిపించి, పది వేళ్ళూ పెట్టించింది. పడలేదు. "పోనీలే ప్రెసిడెంటమ్మా, నేను చచ్చిపోయాననుకుంటందేమో మిషను" అని అంకమ్మ ఖాళీ సంచి మడుచుకుని వెళ్ళిపోయింది.

ఇక లాప్‌టాప్ సంగతి. అది ఆమెకు తమ్ముడు తేజ ఇచ్చింది. అక్క ప్రెసిడెంటయిందని మురిసిపోయి, నరసరావుపేట నుంచి బండి మీద తెచ్చి ఒళ్ళో పెట్టి, "అక్కా, ఇది నీదే, ఎవరికీ ఇయ్యబాక" అన్నాడు. ఆ మాటకు ఆ ఇంట్లో ఆయుష్షు ఒక్క పూట. మధ్యాహ్నమే శ్రీకాంత్ దాన్ని పిడుగురాళ్ల తీసుకెళ్ళి, కంప్యూటర్ షాపులో అన్నీ ఎక్కించుకొచ్చాడు. షాపతను పేరడిగితే ప్రశాంతి అని చెప్పాడు. మెయిలు, ఫోన్ నంబరు అడిగితే తనవి చెప్పాడు. ఇందులో కుట్రేమీ లేదు, అలవాటు అంతే. గ్యాసు, కరెంటు, తల్లి అంజమ్మ ఆధారు, చివరికి ప్రశాంతి వాడే సిమ్ము, అన్నీ అతని నంబరుకో అతని పేరుకో కట్టేసి ఉంటాయి. ఆమె పేరు మీద ఉన్నది ప్రెసిడెంటు పదవి ఒక్కటే. అదెంత ఆమెదో పైన చెప్పాను.

కంప్యూటర్ తెరిస్తే "ప్రశాంతి" అని పెద్ద అక్షరాలతో పేరు వచ్చేది. అది చూసినప్పుడల్లా ఆమెకు ప్రాణం లేచొచ్చేది. పెళ్ళి కోసం చివరి ఏడాదిలో ఆపేసిన డిగ్రీ గుర్తొచ్చేది. నరసరావుపేటలో మూడో ఏడు దాకా కంప్యూటర్లే చదివింది మరి.

ఆ తర్వాత రెండేళ్ళకు తీర్మానాల పుస్తకం పట్టుకొచ్చి సంతకం పెట్టమన్నారు. పేజీ తిప్పబోతూ పాత పేజీలో ఆమె కన్ను ఒకచోట ఆగింది. తన సంతకం పైన, తను చదవని నాలుగు లైన్లు ఉన్నాయి. ఫలానా రోడ్డు పని ఫలానా వారికి ఇవ్వడానికి సభ్యులంతా ఏకగ్రీవంగా ఒప్పుకున్నారట. ఫలానా వారంటే శ్రీకాంత్ చిన్నాన్న కొడుకు, పంచాయతీకి ఉప సర్పంచి. సంతకం పెట్టించుకునే ప్రతిసారీ శ్రీకాంత్ "బాగా కిందికి పెట్టు, నాలుగు వేళ్ళ జాగా వదులు" అని ఎందుకు అంటాడో అప్పుడు తెలిసింది. అడిగే ధైర్యం లేదు. అడిగితే ఏమవుతుందో తెలుసు.

అప్పటి నుంచి ఒక పని మొదలుపెట్టింది. పుస్తకం ఇంటికొచ్చిన ప్రతిసారీ, సంతకం పెట్టిన వెంటనే, ఆ నాలుగు వేళ్ళ ఖాళీతో సహా పేజీకి ఫోన్లో ఫోటో తీసేది. ఫోన్ అతను ఎప్పుడు పడితే అప్పుడు తీసుకుని చూస్తాడు కాబట్టి, ఫోటోలు వైరు పెట్టి లాప్‌టాప్‌లోకి మార్చి ఫోన్లోంచి తీసేసేది. ఇదంతా దేనికని అడిగితే ఆమె చెప్పలేకపోయేది. తన చేతి మీద తనకు నమ్మకం పోయింది. ఆ చేయి ఏం చేసిందో, ఏం చేయలేదో రాసి పెట్టుకుంటున్నానని అనుకునేది.

డిగ్రీలో పక్కన కూర్చున్న రుక్సానా ఇప్పుడు పిడుగురాళ్లలో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతోంది. జాకెట్లు కుట్టించుకునే వంకతో ప్రశాంతి లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. విషయమంతా రుక్సానాకు చెప్పింది.

"మీ ఆయన్ని ఏమనాలో నాకు నోరు రావడం లేదే" అంది రుక్సానా. "సరే, దీనికి గట్టిగా తాళం వేద్దాం. నీ వేలు పెడితేనే తెరుచుకోవాలి. అదొక్కటే చాలదు, ఎన్‌క్రిప్షన్ కూడా పెడదాం. లోపలున్నదంతా ఎవరికీ అర్థం కాకుండా చేసిపెట్టుద్ది. మీ ఆయన డిస్కు ఊడబెరికి ఇంకోదాంట్లో పెట్టుకున్నా అందులో చెత్త తప్ప ఏమీ కనపడదు. ఏ వేలు పెడతావు?"

"బొటనవేలు మాత్రం వద్దు" అంది ప్రశాంతి. "అది పంచాయతీది."

రుక్సానా నవ్వింది. ప్రశాంతి నవ్వలేదు. ఎడమచేతి ఉంగరపు వేలు పెట్టింది. ఆ వేలుతో ఆమె ఇంతవరకూ ఎవరికీ ఏదీ రాసివ్వలేదు. వేలు పట్టకపోతే అడగడానికి ఒక పిన్ కూడా ఉండాలంటే, డిగ్రీ హాల్‌టికెట్ నంబరు పెట్టుకుంది. అత్తింట్లో ఆ నంబరు తెలిసిన మనిషి లేడు. ఆమె డిగ్రీ చదివిందన్న సంగతే అందరూ మర్చిపోయారు.

ఎన్‌క్రిప్షన్ పెట్టేటప్పుడు కంప్యూటర్ ఒక ప్రశ్న అడిగింది. ఎప్పుడైనా తాళం బిగుసుకుపోతే తెరవడానికి నలభై ఎనిమిది అంకెల తాళంచెవి ఒకటి ఇస్తాను, దాన్ని ఎక్కడ దాచమంటావు అని.

"కాగితం మీద రాసుకోబాక" అంది రుక్సానా. "మీ ఇంట్లో కాగితం ఎక్కడ పెట్టినా మీ అత్తకి దొరుకుద్ది. అకౌంట్లో పెట్టేద్దాం. అకౌంట్ నీదేగా?"

"నాదే. తెరవగానే నా పేరే వచ్చిద్ది."

రుక్సానా మెత్తగా ఇంకొక మాట కూడా అంది. ఆ ఫోటోలు నాక్కూడా ఒక పెన్‌డ్రైవ్‌లో ఇవ్వవే, ఎందుకైనా మంచిది అని. ప్రశాంతి వద్దంది. ఊరి గొడవలోకి బయటి పిల్లను లాగడం ఇష్టం లేదు. పైగా, ఇంత గట్టి తాళం వేసిన తర్వాత ఇంకొకటెందుకు? ఆ రోజు బస్సులో ఇంటికి వస్తుంటే ఒళ్ళో సంచి బరువు కూడా హాయిగా అనిపించింది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో, తన అనుమతి లేకుండా ఎవరూ చేయి పెట్టలేని చోటు ఒకటి తనకు దొరికిందని ఆమె అనుకుంది. పాపం, అలాగే అనుకుంది.

ఈ ఏడాది జూలై పన్నెండో తారీఖు పంచాయతీ మీటింగు జరిగింది. బోరు మోటారు రిపేరు, వీధి లైట్లు. రెండే తీర్మానాలు. ప్రశాంతి ఎప్పటిలాగే బాగా కిందికి సంతకం పెట్టింది, ఎప్పటిలాగే ఫోటో తీసింది. సెప్టెంబరులో మేకల బీడు చుట్టూ సున్నపురాయి క్వారీ వాళ్ళు రాళ్ళు పాతారు. ముప్పై ఎకరాల బీడు అది. అంకమ్మతో కలిపి తొమ్మిది కుటుంబాల మేకలు తరతరాలుగా అక్కడే మేస్తున్నాయి. ఇదేందయ్యా అని అడిగితే క్వారీ వాళ్ళు కాగితం చూపించారు. జూలై పన్నెండున గువ్వలకుంట పంచాయతీ, మేకల బీడు క్వారీకి ఇవ్వడానికి మాకేమీ అభ్యంతరం లేదని తీర్మానం చేసింది. కింద ప్రెసిడెంటు సంతకం. అసలైన సంతకమే.

అంకమ్మ వాళ్ళు గురజాల వెళ్ళి పై ఆఫీసులో అర్జీ పెట్టుకున్నారు. పది రోజులకు ప్రశాంతి పేరు మీద నోటీసు వచ్చింది. గ్రామసభ పెట్టకుండా ఉమ్మడి భూమి వదులుకున్నందుకు మీ మీద ఎందుకు చర్య తీసుకోకూడదో చెప్పండి, ఫలానా తేదీన విచారణకు హాజరు కండి.

ఆమె అన్నాళ్ళూ మింగుకున్నదంతా ఆ రోజు బయటికొచ్చింది. మజ్జిగన్నం తింటున్న శ్రీకాంత్ ముందు నోటీసు పడేసి అడిగింది.

"నా సంతకం మీద మీరు రాసుకున్నారు గదా?"

"అయితే ఏందంట?" అన్నాడు అతను అన్నం కలుపుకుంటూ. "సస్పెండ్ చేస్తారు. చెయ్యనీ. ఎట్లాగూ ఇంకో నాలుగు నెలల్లో పదవే అయిపోద్ది. ఉప సర్పంచి మన తమ్ముడేగా, ఇన్‌చార్జిగా కూర్చుంటాడు. నువ్వు పోయేది జైలుకేం కాదులే."

"ఊళ్ళో మొహమెట్టా చూపించాలి నేను? అంకమ్మ నా మొహాన ఉమ్మేయదూ?"

"అంకమ్మ ఎవరే మనకి?"

అప్పుడు ఆమె అనకూడని మాట అంది. కోపంలో అనేసింది. "నా దగ్గర ఫోటో ఉంది. మీరు రాయకముందు పేజీ ఎట్టా ఉందో, తారీఖుతో సహా ఉంది. విచారణలో చూపిస్తా."

శ్రీకాంత్ చేయి కంచంలోనే ఆగిపోయింది. వంటింట్లోంచి అత్త అంజమ్మ తొంగిచూసి, "మొగుడి మీద సాక్ష్యం చెప్తావా ఏందే నువ్వు?" అంది. తిట్టినట్టు కూడా అనలేదు, నమ్మలేనట్టు అంది.

అతను చెయ్యి కడుక్కుని నేరుగా గదిలోకి వెళ్ళి లాప్‌టాప్ తెచ్చాడు. బల్ల మీద తెరిచి పెట్టి, ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. "వేలు పెట్టు." ఆమె పెట్టలేదు. అతనే బొటనవేలు విడదీసి అద్దాడు. తెర ఒప్పుకోలేదు. గుడ్డతో తుడిచి మళ్ళీ అద్దాడు. ఒప్పుకోలేదు. చూపుడువేలు, నడిమివేలు, ఒక్కొక్కటే విరిచినట్టు లాగి అద్దాడు. చివరికి కంప్యూటర్ వేళ్ళతో విసిగిపోయి పిన్ అడిగింది. అతను తన పుట్టినరోజు కొట్టాడు. పెళ్ళిరోజు కొట్టాడు. బండి నంబరు కూడా కొట్టాడు. ఎడమచేతి సంగతి అతనికి తట్టనే లేదు. నాలుగున్నరేళ్ళుగా అతనికి ఆమె అంటే కుడి బొటనవేలే మరి.

ప్రశాంతికి మణికట్టు మండుతోంది. కానీ కడుపులో ఎక్కడో ఒక సంతోషం కదిలింది. అంత సంతోషం ఆమెకు ఆ ఇంట్లో ముందెప్పుడూ కలగలేదు.

శ్రీకాంత్ చెయ్యి వదిలేసి చిన్నగా నవ్వాడు. "తాళం బాగానే వేసుకున్నావే" అన్నాడు. ఆ నవ్వు చూసి ఆమె భయపడాల్సింది. ఓడిపోయినప్పుడు నవ్వే మనిషి కాదు అతను.

విచారణ రోజు వచ్చింది. మా వైపు ఒక ఆచారం ఉంది. ఊరికి ఏ అధికారి వచ్చినా మధ్యాహ్నం భోజనం ప్రెసిడెంటు ఇంట్లోనే. వచ్చింది ప్రెసిడెంటు మీద విచారణకైనా సరే, భోజనం భోజనమే. అధికారికి విస్తరి వేయకపోతే ఇంటికి మాట. ప్రశాంతి పొద్దున్నే లేచి తలుపు గడియ పెట్టుకుని లాప్‌టాప్ తెరిచి చూసుకుంది. ఉంగరపు వేలు పెట్టగానే తెరుచుకుంది. జూలై పన్నెండు ఫోటో ఉంది, సంతకం పైన నాలుగు వేళ్ళ ఖాళీ తెల్లగా కనబడుతోంది. మూసి సంచిలో పెట్టి, మంచం మీద ఉంచి, వంటింట్లోకి వెళ్ళింది.

ఏడింటికి మొదలుపెడితే పన్నెండున్నర దాకా పొయ్యి వదల్లేదు. నాటుకోడి, గోంగూర, రెండు వేపుళ్ళు, పాయసం. తన మీద విచారణకు వచ్చే మనిషికి తనే మసాలా నూరింది. అంజమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుని "అల్లం ఇంకాస్త వెయ్యి, ఆ సారు కారం తింటాడంట" అని చెబుతూనే ఉంది, ఆమెను పొయ్యి దగ్గరి నుంచి కదలనివ్వలేదు. తొమ్మిదింటప్పుడు శ్రీకాంత్ "పెరుగు, ఐస్‌క్రీం తెస్తా" అని కారు తీశాడు. కారు పిడుగురాళ్ల వైపు వెళ్ళడం వినిపించింది. లాప్‌టాప్ గుర్తుకు రాకపోలేదు. వెళ్ళి చూద్దామా అనుకుని, తీసుకెళ్తే మాత్రం ఏం చేస్తాడు, తెరవలేడుగా అనుకుంది. తాళం మీద అంత ధీమా.

పదకొండున్నరకు అతను తిరిగొచ్చాడు. పెరుగు తెచ్చాడు. ప్రశాంతి స్నానం చేసి గదిలోకి వచ్చేసరికి సంచి మంచం మీదే ఉంది. పైన సన్నగా తెల్లటి దుమ్ము పడి ఉంది. పిడుగురాళ్ల సున్నపు దుమ్ము. ఆ దుమ్ము ఎప్పుడూ దేనిమీదో ఒకదాని మీద ఉండేదే కాబట్టి, కొంగుతో దులిపేసి సంచి భుజానికి వేసుకుంది.

అధికారి కోడికూర రెండుసార్లు అడిగి వడ్డించుకున్నాడు. "వంట చాలా బాగుందమ్మా" అన్నాడు చేయి కడుక్కుంటూ. మర్యాదస్తుడే పాపం.

పంచాయతీ ఆఫీసులో బెంచీలు నిండిపోయాయి. అంకమ్మ వాళ్ళు గుమ్మం దగ్గర కింద కూర్చున్నారు. శ్రీకాంత్ కిటికీ పక్కన కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అధికారి తీర్మానాల పుస్తకం తెరిచి ఆ పేజీ చదివి, "సంతకం మీదేనా అమ్మా?" అని అడిగాడు.

"సంతకం నాదే సార్. బీడు తీర్మానం నేను పెట్టింది కాదు. సంతకం పెట్టినప్పుడు అక్కడ ఖాళీ ఉంది. ఆ రోజే ఫోటో తీశాను. చూపిస్తాను."

మొగుడు ఎదురుగా కూర్చుని ఉండగా ఆమె అంత పెద్దగా మాట్లాడటం ఊళ్ళో ఎవరూ ఎరగరు. గుమ్మం దగ్గర అంకమ్మ మోకాళ్ళ మీద లేచి మరీ చూస్తోంది. ప్రశాంతి లాప్‌టాప్ బల్ల మీద పెట్టి మీట నొక్కింది.

"ప్రశాంతి" అన్న పేరు రాలేదు. తెరంతా నీలం. మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. ఉంగరపు వేలు పెట్టింది. ఏమీ కాలేదు. గట్టిగా నొక్కింది. తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఆ నీలం తెరకు వేళ్ళతో పనే లేదు.

సచివాలయంలో కంప్యూటర్ పని చూసే అమ్మాయి వర్షిణి పక్కకొచ్చి వంగి చదివింది. "రికవరీ కీ అడుగుతంది మేడం. ఎవరన్నా లోపల సెట్టింగులు కదిలిస్తే, దొంగలేమోనని ఇట్టా బిగుసుకుపోద్ది. నలభై ఎనిమిది అంకెలు కొట్టాలి. ఎక్కడ దాచారు?"

"నా అకౌంట్లో."

"అయితే ఏం కాదు, ఇప్పుడే తీద్దాం." వర్షిణి ఆఫీసు కంప్యూటర్లో ఆమె అకౌంట్ కోసం వెతికింది. "మేడం, పేరు మీదే ఉంది గానీ, మెయిలు సార్ది. కోడ్ పంపిస్తానంటంది. డెబ్బై ఒకటితో ముగిసే నంబరుకి."

వర్షిణి మీట నొక్కింది. నిశ్శబ్దంగా ఉన్న ఆ గదిలో, కిటికీ పక్క కుర్చీలో, శ్రీకాంత్ చొక్కా జేబులో ఫోను 'టింగ్' మంది. అందరూ విన్నారు.

ప్రశాంతికి అప్పుడు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. సంచి మీద సున్నపు దుమ్ము, షాపులో చెప్పిన నంబరు, అతని నవ్వు. అతను తాళం పగలగొట్టలేదు. ఫోటో తుడిచెయ్యనూ లేదు, తుడిస్తే తుడిచినట్టు తెలుస్తుంది. షాపులో సెట్టింగులు కదిలించి, ఆమె వేసుకున్న తాళమే ఆమెకు తగిలించి, తాళంచెవి జేబులో వేసుకుని వచ్చి కూర్చున్నాడు. అతని వైపు తిరిగింది.

"ఆ కోడ్ చెప్పండి."

శ్రీకాంత్ నింపాదిగా ఫోను తీసి చూశాడు. "ఇదా? ఓటీపీ. ఎవరికీ చెప్పొద్దని ఫోను చేసిన ప్రతిసారీ మొత్తుకుంటన్నారుగా సార్. ఎంత పెళ్ళామైనా మనం జాగ్రత్తగా ఉండాలిగా."

బెంచీల మీద నవ్వులు వినపడ్డాయి. ఉప సర్పంచి అయితే తొడ చరుచుకుని నవ్వాడు. ప్రశాంతి అధికారి వైపు తిరిగింది. "సార్, నా ఫోటోలు అందులో ఉన్నాయి. తాళంచెవి ఆయన దగ్గరుంది. అడగండి సార్."

అధికారి ఇబ్బందిగా కదిలాడు. "ఏమయ్యా, చెప్పొచ్చుగా?"

"నాకేం తెలుసు సార్. లాప్‌టాప్ ఆమెది. వేలు కూడా నాది పెట్టుకోలేదు, కావాలంటే అడగండి. అందులో ఏం దాచుకుందో ఏమో. ఉందో లేదో తెలియనిదాని కోసం నా ఫోను నేనెందుకియ్యాలి?"

వర్షిణి ఇంకో రెండుసార్లు కోడ్ పంపించింది. రెండుసార్లూ ఆ జేబులో 'టింగ్' మంది. మూడోసారి తర్వాత కంప్యూటర్, చాలాసార్లు ప్రయత్నించారు, రేపు రండి అంది.

"చూడమ్మా" అన్నాడు అధికారి, గొంతు తగ్గించి. "మీ మాట నేను కాదనడం లేదు. కానీ నా కళ్ళకు కనపడాలి గదా. ఇవాళ్టికి ఆధారం చూపలేకపోయారని రాయక తప్పదు. వారం టైం ఇస్తాను. తెరిపించుకుని తీసుకురండి."

శ్రీకాంత్ లేచి వచ్చి లాప్‌టాప్ మూశాడు. వైరు చుట్టి సంచిలో పెడుతూ, ఆమెకు మాత్రమే వినపడేట్టు, ఎంతో మెత్తగా అన్నాడు. "బాధపడబాక. సాయంత్రం షాపుకి తీసకపోయి ఫార్మాట్ కొట్టిస్తా. కొత్తదానిలా అయిపోద్ది."

సంచి అతని భుజాన ఉంది. ఆమె లాక్కోవచ్చు. లాక్కుని ఏం చేస్తుంది? అది తెరుచుకోదు. రుక్సానా పెన్‌డ్రైవ్ అడిగినప్పుడు తను వద్దన్న మాట చెవిలో గింగిరాలు కొట్టింది. తన మీద తనకే ఒళ్ళు మండింది. మొగుడి మీద కన్నా తన మీదే ఎక్కువ మండింది.

అధికారి చెబుతుంటే వర్షిణి వాంగ్మూలం టైపు చేసింది. తీర్మానం మీద సంతకం నాదే. అది తర్వాత చేర్చారన్న దానికి నా దగ్గర ప్రస్తుతం ఆధారం ఏదీ లేదు. చదివి వినిపించి, చిన్న నల్లటి మిషను బల్ల మీద జరిపింది.

"ఆన్‌లైన్లో పెట్టాలి మేడం. ఒకసారి వేలు పెట్టండి."

ప్రశాంతి ఏ వేలని అడగలేదు. కుడి బొటనవేలు కొంగుకు తుడుచుకుంది. వద్దనుకుంటూనే, ఎలా తుడిచిందో తనకే తెలియదు. మిషను మీద పెట్టింది. పచ్చ లైటు వెలిగింది. మొదటిసారికే.

జనం లేచి బయటికి పోతున్నారు. గుమ్మం దగ్గర అంకమ్మ మాత్రం లేవలేదు. ఆ పచ్చ లైటు వంకే చూస్తూ ఉండిపోయింది. ప్రశాంతి దాటి వెళ్ళబోతుంటే చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఆపింది.

"నీ వేలు మంచిదమ్మా ప్రెసిడెంటమ్మా" అంది. "ఎప్పుడు పెట్టినా పడుద్ది."

వెక్కిరించలేదు. మనసులో ఉన్నదే అంది.